మాదన్నపేట నుంచి మొదటి డ్యూటీకి: నర్సింగ్ అసిస్టెంట్ ఉద్యోగం వెతుక్కోవడం ఎలా?

శిక్షణ కేంద్రంలో చివరి రోజు గ్రూప్ ఫొటో దిగేటప్పుడు "ప్లేస్‌మెంట్ మేమే ఇప్పిస్తాం" అంటారు. కొందరికి ఇప్పిస్తారు కూడా. ఇప్పించనివాళ్ల కోసం, ఇప్పించిన చోటు నచ్చనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

తానీషా మంత్రి మాదన్న పేరుమీద వచ్చిందని చెప్పుకునే ఈ పేటకు చుట్టుపక్కల ఆసుపత్రులకు కొదవ లేదు. ఒకవైపు సంతోష్‌నగర్, కంచన్‌బాగ్. ఇంకోవైపు సైదాబాద్ దాటితే మలక్‌పేట, చాదర్‌ఘాట్. యాకుత్‌పురా మీదుగా పోతే చార్మినార్, శాలిబండ, పేట్లబురుజు. ఉద్యోగమంటే హైటెక్ సిటీ దాకా పోవాల్సిందే అనుకునేవాళ్లు ముందు ఈ మూడు దిక్కులూ తిరిగి చూడండి. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది మాత్రం వార్డులో, ఒక ఇన్‌ఛార్జ్ సిస్టర్ కింద పనిచేయండి. రెండు మూడు వేలు తక్కువొచ్చినా సరే. ఎందుకంటానో పోనుపోను తెలుస్తుంది.

ముందు మీ సర్టిఫికెట్ మీరు చదవండి

నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులని చెప్పేవన్నీ ఒకటి కావు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన లాంటి ప్రభుత్వ పథకంలో నేర్చుకుంటే సర్టిఫికెట్ మీద సాధారణంగా 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్' అని ఉంటుంది. ఆసుపత్రుల్లో పొట్టిగా జీడీఏ అంటారు. దానిమీద హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పేరుంటే హెచ్‌ఆర్ వాళ్లు మళ్లీ ప్రశ్నలు వేయరు. ప్రైవేటు సంస్థ సొంతంగా ముద్రించి ఇచ్చిన 'నర్సింగ్ డిప్లొమా' అయితే దాంతో కూడా వార్డు పని దొరకొచ్చు. కానీ అది నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్‌కు సమానం కాదు. బయోడేటాలో 'నర్సు' అని మాత్రం రాసుకోకండి. అడిగినప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు చూపించలేక తలదించుకోవాల్సి వస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగం సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం 1,520 మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్ (ఫిమేల్) పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఎంపీహెచ్‌డబ్ల్యూ చదువు అడిగింది. 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండాలంది. కొన్ని నెలల జీడీఏ శిక్షణతో ఈ రెంటికీ దరఖాస్తు పెట్టే వీల్లేదు. "నువ్వు అప్లై చెయ్, తర్వాత నేను చూసుకుంటా" అనే అన్న ఎవరైనా తగిలితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

ఫైలు

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనండి. అందులో పదో తరగతి మెమో, శిక్షణ సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, టీకాల కాగితం పెట్టండి. అన్నీ జిరాక్సులే, ఐదారు సెట్లు. ఒరిజినల్స్ వెంట తీసుకెళ్లి చూపించండి, చేతికి మాత్రం ఇవ్వకండి. అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూడండి. పాతబస్తీలో ఈ చిక్కు ఎక్కువ. మెమోలో 'బేగం' ఉంటుంది, ఆధార్‌లో ఉండదు. ఒకచోట ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంకోచోట చివర వస్తుంది. పీఎఫ్ ఖాతా తెరిచే రోజున ఇదే పీకల మీదికొస్తుంది. ఇప్పుడే మీసేవకో ఆధార్ కేంద్రానికో పోయి సరిచేయించుకోండి.

బయోడేటా ఒక్క పేజీ చాలు. "కష్టపడే స్వభావం గలదాన్ని" లాంటి వాక్యాలు తీసేసి మీకు చేతనైన పనులు రాయండి. ఇదిగో, ఇలా:

బీపీ, పల్స్, టెంపరేచర్, శ్వాస, ఆక్సిజన్ చూసి చార్టులో రాయడం. పేషెంటు మంచంలో ఉండగానే దుప్పటి మార్చడం, స్పాంజ్ బాత్. బెడ్‌పాన్, డైపర్, యూరిన్ బ్యాగ్ ఖాళీచేసి కొలత రాయడం. వీల్‌చైర్, స్ట్రెచర్ మీదికి మార్చడం. తెలుగు, ఉర్దూ మాట్లాడతాను, హిందీ అర్థమవుతుంది. మాదన్నపేట నివాసం, మూడు షిఫ్టులకూ సిద్ధం.

ఆ చివరి రెండు వాక్యాలను చిన్నచూపు చూడకండి. మలక్‌పేట, సంతోష్‌నగర్ వార్డుల్లో చాలామంది పేషెంట్లు తమ బాధ ఉర్దూలోనే చెప్పుకుంటారు. ముసలామె "చక్కర్ ఆరా" (కళ్లు తిరుగుతున్నాయి) అన్నప్పుడు పరుగెత్తుకెళ్లి పట్టుకునే పిల్ల, దూరపు జిల్లా నుంచి వచ్చిన సిస్టర్‌కు ఎంతో ఆసరా. శిక్షణ సమయంలో ఏదైనా ఆసుపత్రిలో ప్రాక్టికల్స్ చేసి ఉంటే వార్డు పేరుతో సహా అదీ రాయండి.

ఎక్కడెక్కడ తిరగాలి, ఎవర్ని కలవాలి

కంచన్‌బాగ్‌లో ఒవైసీ ఆసుపత్రి, అపోలో డీఆర్‌డీఓ ఉన్నాయి. మలక్‌పేటలో యశోద, కేర్ ఉన్నాయి. శాలిబండలో ప్రిన్సెస్ ఎస్రా, పురానీ హవేలీలో దుర్రు షెహ్వార్ ఉన్నాయి. ఇవన్నీ పేరున్నవి. వీటి మధ్యలో ఐఎస్ సదన్ నుంచి చంపాపేట దాకా, సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు పక్కన కనిపించే ఇరవై, ముప్పై పడకల నర్సింగ్ హోములున్నాయి. రెండు రకాల చోట్లా అడగండి. పెద్ద ఆసుపత్రిలో పిలుపు రావడం ఆలస్యం, కానీ అక్కడ పని పద్ధతిగా నేర్పిస్తారు. చిన్నచోట "రేపటి నుంచి రా" అంటారు, అయితే నేర్పే మనిషి ఉందో లేదో చూసుకోవాల్సింది మీరే.

పొద్దున్నే పోవద్దు. షిఫ్టు మారే సమయం, డాక్టర్ల రౌండ్లు, డిశ్చార్జిల హడావుడి అన్నీ అప్పుడే. పదకొండు దాటాక వెళ్లండి. రిసెప్షన్‌లో బయోడేటా పడేసి వస్తే అది సొరుగులోకి పోతుంది. "మేడమ్, జీడీఏ ట్రైనింగ్ అయింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ను రెండు నిమిషాలు కలవొచ్చా?" అని అడగండి. వార్డుల్లో మనుషులు ఎక్కడ తక్కువున్నారో ఆమెకే తెలుసు, హెచ్‌ఆర్‌కు ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. కలవనీయకపోతే ఆమె ఎప్పుడు ఖాళీగా ఉంటారో కనుక్కుని మళ్లీ పోండి. వారం తర్వాత ఒకసారి ఫోన్ చేయండి. రోజూ చేయకండి.

ఉస్మానియా, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి, మలక్‌పేట ఏరియా ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేషెంట్ కేర్ సిబ్బందిని కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా తీసుకుంటారు. ఏ ఏజెన్సీకి కాంట్రాక్టు ఉందో ఆసుపత్రి కార్యాలయంలోనే అడిగి తెలుసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. గేటు దగ్గర నిలబడి "నేను పెట్టిస్తా" అనేవాడితో మనకు పనిలేదు.

ఫోన్‌లో చేయాల్సిన పని కాస్తే. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్‌లో, రాష్ట్ర ప్రభుత్వ 'డీట్' యాప్‌లో పేరు నమోదు చేసుకోండి, రెండూ ఉచితం. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో జరిగే జాబ్‌మేళాల మీద కన్నేసి ఉంచండి. అంతకన్నా బాగా పనిచేసేది ఒకటుంది. మీ బ్యాచ్‌లో ఇప్పటికే చేరిన అమ్మాయి. "మీ దగ్గర ఎవరైనా మానేస్తున్నారా అక్కా?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

తిరగడానికి ఖర్చవుతుందని ఆగకండి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు ఇవ్వక్కర్లేదు. ఆధార్ దగ్గరుంచుకుని జీరో టికెట్ తీసుకుంటే చాలు. మగపిల్లలకు ఆ సౌకర్యం లేదు గానీ, పేషెంట్లను ఎత్తి దించాల్సిన ఆర్థో, ఐసీయూ వార్డుల్లో మగ అసిస్టెంట్లు ఎప్పుడూ కావాలి. ఆ వార్డుల పేరు చెప్పి అడగండి.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

కూర్చోబెట్టి అడిగేది తక్కువ, చేయించి చూసేది ఎక్కువ. బీపీ మిషన్ చేతికిచ్చి పక్కనున్న ఎవరికైనా చూడమంటారు. కఫ్ మోచేతి మడతకు రెండు వేళ్లు పైన కట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఆనించి పెట్టాలి. కాలుమీద కాలు వేసుకుని ఉంటే దింపమనాలి. చూసేంతసేపూ మాట్లాడొద్దని చెప్పాలి. సెలైన్ ఎక్కుతున్న చేతికి, డయాలసిస్ ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడకూడదు. ఈ చివరిది అడక్కముందే మీరే చెబితే ఎదుటి సిస్టర్ ముఖంలో తేడా కనిపిస్తుంది.

శ్వాస లెక్కపెట్టమన్నప్పుడు చాలామంది తప్పుతారు. "మీ శ్వాస చూస్తున్నానమ్మా" అనగానే పేషెంటు తనకు తెలియకుండానే శ్వాస తీరు మార్చేస్తాడు. అందుకే పల్స్ చూసిన మణికట్టు అలాగే పట్టుకుని, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండి, ఛాతీ కదలికను ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పల్స్ 60 నుంచి 100.

చెత్తడబ్బాల రంగులు అడగకుండా వదలరు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం, చీము అంటిన దూది, కట్లు పసుపు డబ్బాలోకి పోతాయి. వాడిన సెలైన్ పైపులు, కాథెటర్లు, గ్లవ్స్ ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలంలోకి. చేతులు కడగడం చేసి చూపించమంటారు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్ అయితే 20 నుంచి 30. బొటనవేలు, గోళ్ల సందులు మరిచిపోవద్దు.

మంచంలో కదల్లేని పేషెంటుకు పుండ్లు పడకుండా ఏం చేస్తావంటే "రెండు గంటలకోసారి పక్క మారుస్తాను" అన్నంత మాత్రాన సరిపోదు. ఎక్కడెక్కడ చూస్తారో చెప్పండి. తల వెనక, భుజాలు, మోచేతులు, నడుము కింద, మడమలు. ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది మొదలైనట్టే. వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఏ హడావుడీ లేకుండా వస్తుంది: "ఇంజెక్షన్ చేస్తావా?" మంచి ఆసుపత్రిలో దీనికి సరైన జవాబు "చేయను మేడమ్, అది స్టాఫ్ నర్స్ పని. ట్రే సిద్ధం చేసిపెడతాను" అని. సెలైన్ పైపులో రక్తం వెనక్కొస్తే? పైపు ముట్టుకోను, సిస్టర్‌ను పిలుస్తాను. పేషెంటు మంచం మీంచి పడితే? గబగబా లేపను, పక్కనే ఉండి కేకేస్తాను, స్పృహ ఉందో లేదో చూస్తాను. తన గీత ఎక్కడుందో తెలిసిన మనిషి కోసమే వాళ్లు ఈ ప్రశ్నలు వేసేది.

కొన్ని చిన్నచోట్ల మాత్రం ఇదే ప్రశ్నకు "చేస్తాను" అనే జవాబు కోరుకుంటారు. నర్సు జీతం మిగుల్చుకోవాలని వాళ్ల ఆశ. "నేర్పిస్తాంలే, రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అంటారు. ఆ ఉద్యోగం ఒప్పుకోకండి. మందు వికటించిన రోజున రిజిస్టర్‌లో మీ సంతకం తప్ప మీ వెనక ఎవరూ ఉండరు.

జీతం లెక్క కాగితం మీద వేయండి

"నెలకు పన్నెండు వేలు" అంటే చేతికొచ్చేది పన్నెండు వేలు కాదు. లెక్క కోసం ఆ అంకెనే తీసుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే 1,440 రూపాయలు, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 90. చేతికి 10,470 వస్తుంది. యజమాని తన వంతుగా పీఎఫ్‌కు ఇంకో 12 శాతం, ఈఎస్‌ఐకి 3.25 శాతం కట్టాలి. ఆ వాటాను కూడా మీ జీతంలోంచే కోస్తున్నారేమో అడగండి. కోతలు లేకుండా "మొత్తం చేతికే ఇస్తాం" అని ఊరించే చోటు నాకైతే నచ్చదు. ఈఎస్‌ఐ ఉంటే అమ్మానాన్నలు మీమీద ఆధారపడి ఉన్నప్పుడు వాళ్ల వైద్యం కూడా అందులో నడుస్తుంది. పాతబస్తీ ఇళ్లల్లో ఒక్క ఆపరేషన్‌తో బంగారం తాకట్టుకు పోతుందని వేరే చెప్పాలా?

గంటలు కూడా లెక్కపెట్టండి. ఎనిమిది గంటల డ్యూటీ, నెలకు 26 రోజులంటే 208 గంటలు. పన్నెండు గంటలైతే 312. పన్నెండు వేలను 208తో భాగిస్తే గంటకు సుమారు 58 రూపాయలు. పదిహేను వేలను 312తో భాగిస్తే 48. ఎక్కువ జీతం అనిపించింది నిజానికి తక్కువ జీతం.

షిఫ్టు వేళలూ అడగండి. అందరూ నైట్‌కు భయపడతారు గానీ, నైట్ డ్యూటీకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సులుంటాయి. పొద్దున్నే మాదన్నపేట మండి దగ్గర జనమూ ఉంటారు. ఇబ్బంది పెట్టేది ఈవెనింగ్ షిఫ్టు. హ్యాండోవర్ ఆలస్యమై రాత్రి పదికి బయటపడితే మలక్‌పేట మెట్రో దిగాక ఇంటికెలా? ఆసుపత్రి వ్యాన్ ఉందా, అదే దారిలో వచ్చే తోటివాళ్లున్నారా, చేరకముందే కనుక్కోండి.

హోమ్ కేర్‌లో జీతం ఎక్కువట కదా?

నిజమే, చాలాచోట్ల ఎక్కువే. ఇరవై నాలుగు గంటలు ఆ ఇంట్లోనే ఉండి ఒక్క పేషెంటును చూసుకోవాలి, భోజనం వాళ్లే పెడతారు. అయినా మొదటి ఉద్యోగానికి నేను వద్దంటాను. రాత్రి రెండింటికి ఆ పెద్దాయన శ్వాస మారితే అది మామూలా ప్రమాదమా అని చెప్పే సిస్టర్ పక్కన ఉండదు. పది మంది పేషెంట్లను చూసిన కంటికే పదకొండోవాడిలో తేడా పట్టుబడుతుంది. పైగా ఇంట్లో మీరెవరన్నది స్పష్టంగా ఉండదు. మొదటి వారం డైపర్, మందులు. రెండో వారం ఆ గిన్నెలు కాస్త. మూడో వారం ఇల్లు తుడవడం.

ఇంటి పరిస్థితి వల్ల తప్పదనుకుంటే ఏజెన్సీ దగ్గర మూడు విషయాలు రాతలో తీసుకోండి. చేయాల్సిన పనుల జాబితా, నిద్రకు వదిలే గంటలు, వారానికోసారి సెలవు. ఆ ఇంటి చిరునామా, లొకేషన్ మీ అమ్మకో అన్నకో పంపాకే లోపలికి అడుగు పెట్టండి. ఏదైనా తేడా వస్తే 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

డబ్బులడిగితే

ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేది ఆసుపత్రి కాదు, మధ్యవర్తి. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, సెక్యూరిటీ, పేరేదైనా అంతే. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటామన్నా ఒప్పుకోవద్దు. అవి పోయాక మానేసే స్వేచ్ఛ కూడా పోతుంది.

గల్ఫ్ సంగతి మన గల్లీల్లో విడిగా చెప్పాలి. "అక్కడ నర్సు పని, విజిట్ వీసా మీద ముందు పోదువు గానీ" అన్నాడంటే అది ఇంటిపని అయ్యే అవకాశమే ఎక్కువ. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వమే నడిపే టామ్‌కామ్ సంస్థ ఉంది. ముందు అక్కడ అడగండి. వార్డులో ఒకటి రెండేళ్ల అనుభవం లేకుండా ఆ ఆలోచన ఎలాగూ తొందరపాటే.

చేరే ముందు, చేరిన కొత్తల్లో

హెపటైటిస్ బి టీకా మొదటి డోసు ఉద్యోగం వెతుక్కుంటూనే వేయించుకోండి. మూడు డోసులు. మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. కొన్ని ఆసుపత్రులు సిబ్బందికి ఉచితంగా వేస్తాయి, అడగండి. వాడిన సూది గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. కుళాయి కింద సబ్బుతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జ్‌కు చెప్పండి. తిడతారని దాచితే నష్టం మీకే. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనిచేయదు.

అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోండి. మొదటి జీతం పడ్డాక పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు అడిగి, ఉమంగ్ యాప్‌లో డబ్బు నిజంగా జమైందో లేదో చూడండి. కోసి కట్టనివాళ్లూ ఉంటారు. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరున్నారో నోటీసుబోర్డు మీద చూసి పెట్టుకోండి.

మొదటి నెలలో మీకు కష్టమనిపించేది మలమూత్రాలు కాదు, హ్యాండోవర్. షిఫ్టు మారేటప్పుడు "అంతా బాగుంది సిస్టర్" అంటే కుదరదు. "పన్నెండో బెడ్, పొద్దున యూరిన్ 400 ఎంఎల్, మధ్యాహ్నం అన్నం తినలేదు, రెండింటికి ఎడమ పక్కకు తిప్పాను, మడమ ఎర్రగా ఉంది" అని చెప్పాలి. ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని జరిగినప్పుడే రాసుకోండి.

ఏడాది నిండాక ఉంటారో మారతారో మీ ఇష్టం. ఇంటర్ చదివి ఉంటే మూడేళ్ల జీఎన్‌ఎంకు దరఖాస్తు పెట్టే ఆలోచన కూడా చేయండి. వార్డు చూసినవాళ్లకు ఆ చదువు తేలిగ్గా ఎక్కుతుంది. కానీ మానేసేటప్పుడు గొడవపడి, నోటీసు ఇవ్వకుండా రాకండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ వార్డులో పనిచేశారో ఉన్న అనుభవ పత్రం, సంతకం, స్టాంపుతో సహా చేతికి తీసుకున్నాకే గేటు దాటండి. రెండో ఉద్యోగంలో జీతం మాట్లాడుకునేది ఆ కాగితం చూపించే.